ఈసారి ఆ వేదికెక్కేది నువ్వే, చెల్లీ!

"అక్కా, ఎనిమిదేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. టీమ్‌లో ఎవరికి చిక్కొచ్చినా కుర్చీ లాక్కుని నా పక్కకే వస్తారు. కానీ ప్రోగ్రామింగ్ కాన్ఫరెన్స్‌లో టాక్ ఇవ్వమంటే మాత్రం గొంతు తడారిపోతోంది. అంతమందికి చెప్పేంత సంగతి నా దగ్గర ఏముంది?" అని రాసింది ఒక చెల్లెలు.

ఇదే దిగులు నేను చాలామంది నోట విన్నాను. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లూ అడుగుతారు, డల్లాస్‌లో ఉన్నవాళ్లూ అడుగుతారు. పిల్లల కోసం కొన్నేళ్లు ఆగి మళ్లీ ఉద్యోగంలో చేరినవాళ్లయితే ఇంకాస్త గొంతు తగ్గించి అడుగుతారు. అందుకే ఈ నెల తీరిగ్గా కూర్చుని ఈ సంగతే మాట్లాడుకుందాం.

ముందు ఆ "ఏముంది" సంగతి చూద్దాం. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నవాళ్లకి నువ్వేం చేస్తావు? ఎక్కడ అర్థం కాలేదో కనుక్కుంటావు. కోడ్‌లో ఆ చోటు తీసి చూపిస్తావు. ముందు ఏం ప్రయత్నించాలో, ఏది ప్రయత్నించి లాభం లేదో చెప్తావు. కాన్ఫరెన్స్‌లో చేసేదీ ఆ పనే. భాష గురించి, లైబ్రరీ గురించి డాక్యుమెంటేషన్‌లో ఉన్నది ఎవరైనా ఇంట్లో కూర్చుని చదువుకోగలరు. ఒక మనిషి ఆ పని చేస్తూ ఎక్కడ చిక్కుకుంది, ఏ దారి ఎందుకు వదిలేసింది, చివరికి ఎలా బయటపడింది అన్నది మాత్రం అందులో ఉండదు. దానికోసమే జనం టికెట్టు కొనుక్కుని, సెలవు పెట్టుకుని వస్తారు. పైగా ఆ చిక్కు విప్పి నాలుగు నెలలే అయినవాళ్లకి అందులో ఏ మెట్టు దగ్గర కాలు జారుతుందో బాగా గుర్తుంటుంది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఒక్కోసారి ఆ మెట్టు ఉందన్న సంగతే మర్చిపోతారు.

నమ్మకం కుదరడం లేదా? ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆస్పత్రి అపాయింట్‌మెంట్లు గుర్తుచేసే ఎస్సెమ్మెస్‌లు పంపే ప్రోగ్రాం నీ చేతిలో ఉందనుకో. ఇంగ్లీషులో పంపినన్నాళ్లూ ఒక్కో కబురు ఒక్క మెసేజ్‌లో వెళ్లిపోయింది. తెలుగులో మొదలుపెట్టగానే అదే కబురు రెండు మూడు మెసేజ్‌లై బిల్లు పెరిగింది. ఎందుకంటే ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లే. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగు అక్షరం ఒక్కటి చేరినా మొత్తం మెసేజ్ 16 బిట్ల పద్ధతికి మారిపోతుంది, ఇక పట్టేవి 70 మాత్రమే. అందులోనూ మన కంటికి ఒక్క అక్షరంగా కనిపించే 'శ్రీ' కంప్యూటర్ లెక్కలో నాలుగు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. పైథాన్‌లో దాని పొడవెంతో అడిగి చూడు, నాలుగనే చెప్తుంది. యూటీఎఫ్-8లో దాస్తే పన్నెండు బైట్లు. ఇంగ్లీషు పేర్లకి సరిపడా కొలతలు పెట్టిన ఫారాల్లో మన పేర్లు సగంలో తెగిపోయేది ఇందుకే.

2018 ఫిబ్రవరి గుర్తుందా? 'జ్ఞా' రాసేటప్పుడు వచ్చే ఒకానొక కూర్పు మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. యాపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. మన లిపిలో ఒత్తులూ గుణింతాలూ ఎలా కలుస్తాయో అప్పుడు ఎక్కడెక్కడి ఇంజనీర్లో ఆరా తీశారు. పలక మీద ఒత్తులు దిద్దుకుని పెరిగి, ఇప్పుడు కోడ్ రాస్తున్న నీకన్నా అది బాగా చెప్పగలిగేదెవరు? నీ ఆఫీసు పనిలో నువ్వు మామూలుగా సర్దేసి మర్చిపోయిన ఇలాంటి చిక్కుల్లో ఒక్కటి చాలు, ఇరవై అయిదు నిమిషాల టాక్ తయారవుతుంది. తెలుగుతో సంబంధం ఉండాలని కూడా లేదు. నిదానంగా నడిచే డేటాబేస్ క్వెరీని నువ్వెలా దారికి తెచ్చావో, ఎవరూ ముట్టుకోవడానికి భయపడే పాత కోడ్‌కి టెస్టులు ఎలా రాశావో, అవన్నీ టాకులే.

"సరే అక్కా, పిలుపు వస్తే చూస్తాను" అంటావేమో. ఇక్కడే మనవాళ్లు చాలామంది ఆగిపోతారు. పేరున్న కొద్దిమందికి తప్ప పిలుపు రాదు. కాన్ఫరెన్స్‌కి కొన్ని నెలల ముందు 'కాల్ ఫర్ ప్రపోజల్స్' అని ప్రకటిస్తారు, సీఎఫ్‌పీ అంటారు. ఎవరైనా పంపొచ్చు. డిగ్రీ అడగరు, హోదా అడగరు. వచ్చిన వాటిలోంచి ఎంచుకుంటారు. నువ్వు పంపకపోతే నీ సంగతి చూసేవాళ్లే ఉండరు. పక్క సీట్లో అబ్బాయి సగం తెలిసిన విషయం మీద కూడా ధైర్యంగా పంపేస్తుంటే, పూర్తిగా తెలిసిన నువ్వు "ఇంకొంచెం నేర్చుకున్నాక" అని వాయిదా వేస్తున్నావు. ఆ ఇంకొంచెం ఎప్పటికీ పూర్తికాదమ్మా.

ఉత్తర అమెరికాలో జరిగే పైకాన్, పైథాన్ వాళ్లకి పెద్ద పండగ. 2011లో అక్కడి టాకుల్లో ఆడవాళ్లు ఇచ్చినవి నూటికి ఒకటి. 2012లో ఏడు. 2013లో పదిహేను. 2014, 2015ల్లో ముప్ఫై మూడు. 2016కి నలభై అయ్యాయి. పైకాన్‌లో డైవర్సిటీ బాధ్యత చూసిన జెస్సికా మెక్‌కెల్లర్ ఈ లెక్కలు బయటపెట్టింది. అయిదేళ్లలో ఇంత మార్పు ఎలా వచ్చింది? ఆడవాళ్లు ఒక్కసారిగా తెలివైనవాళ్లు అయిపోలేదు కదా! వాళ్లకి పేరుపేరునా ఉత్తరాలు రాసి "మీరు ప్రపోజల్ పంపండి, కావాలంటే రాయడంలో సాయం చేస్తాం" అని అడిగారు. అడిగేసరికి వాళ్లు పంపారు. తెలివి అంతకుముందూ ఉంది, అడిగినవాళ్లే లేరు.

ఎంపికలో మన పేరు చూసి పక్కన పెడతారేమో అన్న భయం కూడా కొందరికి ఉంటుంది. 2012లో బెర్లిన్‌లో జరిగిన జావాస్క్రిప్ట్ కాన్ఫరెన్స్ జేఎస్‌కాన్ఫ్ ఈయూ వాళ్లు ఆడవాళ్లని వెతికి వెతికి ప్రపోజల్స్ పంపమన్నారు. ఎంపిక చేసేవాళ్లకి మాత్రం పంపినవాళ్ల పేర్లు కనిపించకుండా చేశారు. చివరికి వక్తల్లో నాలుగో వంతు ఆడవాళ్లే అయ్యారు. ఇప్పుడు పేర్లు దాచి ఎంపిక చేసే కాన్ఫరెన్స్‌లు చాలానే ఉన్నాయి. నువ్వు పంపబోయే చోట ఆ పద్ధతి ఉందో లేదో ముందే చూసుకో.

ఇంకో సంగతి విను. 2015లో మాంట్రియల్‌లో పైకాన్ వేదిక మీద పైథాన్ సృష్టికర్త గీడో వాన్ రోసమ్, ఆ భాషని తీర్చిదిద్దే కోర్ డెవలపర్లలో ఆడవాళ్లు కావాలని, అవసరమైతే తానే నేర్పిస్తానని చెప్పాడు. ఆ మాట పట్టుకుని ముందుకొచ్చింది మరియాట్టా విజయ. ఇండోనేషియాలో పుట్టి, కెనడాలో స్థిరపడిన ఆమె 2017లో పైథాన్ కోర్ డెవలపర్లలో మొదటి మహిళ అయింది. ఆ తర్వాత తానూ వేదికలెక్కి, కోర్ డెవలపర్ అంటే ఏం చేస్తారో కొత్తవాళ్లకి చెప్పింది. వేదిక మీద మాట్లాడితే ఇలా ఎక్కడో ఒకరికి దారి తెరుచుకుంటుంది. ఈ టాకుల వీడియోలు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంటాయి. భీమవరంలోనో నల్గొండలోనో ఇంజనీరింగ్ చదివే అమ్మాయి అందులో మనలా మాట్లాడే మనిషిని, మన ఇంటిపేరుని చూస్తే తనకెంత ధైర్యమో ఆలోచించు.

సరే, ప్రపోజల్ ఎలా రాయాలి? పెద్ద పెద్ద మాటలు వద్దు. నాలుగు ప్రశ్నలకి జవాబులు రాయి. ఈ టాక్ ఎవరి కోసం? వాళ్లకి ఇప్పుడున్న ఇబ్బంది ఏమిటి? నీ టాక్ విన్నాక వాళ్లు సోమవారం ఆఫీసుకెళ్లి కొత్తగా ఏం చేయగలుగుతారు? ఈ సంగతి నీకెలా తెలిసింది? ఆ తర్వాత ఏ నిమిషం నుంచి ఏ నిమిషం వరకు ఏం చెప్తావో వరసగా రాయి. ఎంపిక చేసేవాళ్లు వందల ప్రపోజల్స్ చదువుతారు. "మైక్రోసర్వీసెస్ పరిచయం" అని ఉంటే ముందుకెళ్లిపోతారు. "తెలుగు ఎస్సెమ్మెస్ బిల్లు ఎందుకు పెరిగింది, ఎలా తగ్గించాం" అని ఉంటే ఆగి చదువుతారు. తీసుకోలేదని జవాబొస్తే కుంగిపోకు, వాళ్ల దగ్గర ఉన్న చోటు తక్కువ. అదే ప్రపోజల్‌కి మెరుగులు దిద్ది ఇంకోచోటికి పంపు. ఇందులో నామోషీ లేదు, పేరున్నవాళ్లందరూ చేసేదే.

ఎంపికయ్యాక ఉత్సాహంలో తెలిసిందంతా చెప్పేయాలనిపిస్తుంది. అది వద్దు. కొత్తవాళ్లకి మన ఇంటికి దారి చెప్పేటప్పుడు ఊళ్లో వీధులన్నీ ఏకరువు పెట్టం కదా, రామాలయం దగ్గర ఎడమకి తిరగమంటాం. టాక్ కూడా అంతే. ముప్ఫై నిమిషాలిస్తే అయిదు నిమిషాలు ప్రశ్నలకి వదిలి ఇరవై అయిదుకి తయారవు. వినేవాళ్లు ఇంటికి తీసుకెళ్లాల్సిన మాట ఒక్కటి పెట్టుకో. దానికి పనికిరాని స్లైడ్ ఎంత అందంగా ఉన్నా తీసెయ్యి.

కష్టమైన సంగతిని చేతికి అందేలా చెప్పడం ఎలాగో గ్రేస్ హాపర్‌ని చూసి నేర్చుకోవాలి. అమెరికా నౌకాదళంలో రియర్ అడ్మిరల్ స్థాయికి ఎదిగిన ప్రోగ్రామర్ ఆవిడ. నానోసెకను అంటే ఎంతో ఎవరికీ ఊహకి అందడం లేదని, ఆ కాలంలో వెలుగు ఎంత దూరం వెళ్తుందో అంత పొడవు తీగ ముక్కలు కోయించింది. సుమారు 30 సెంటీమీటర్లు. ఉపన్యాసానికి వచ్చినవాళ్ల చేతుల్లో పెట్టి, "ఇదీ నానోసెకను" అనేది. మైక్రోసెకనుకైతే దాదాపు 300 మీటర్ల తీగ చుట్ట తెచ్చి చూపించేది. ప్రోగ్రామర్లు ఏం వృథా చేస్తున్నారో అది చూస్తే తెలిసిపోయేది. 1982లో అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏలో ఆవిడ ఇచ్చిన ఉపన్యాసం టేపు 2024లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. నలభై రెండేళ్ల తర్వాత కూడా కుర్రకారు అది శ్రద్ధగా చూశారు. అందులో హంగులేమీ లేవు, అర్థమయ్యేలా చెప్పాలన్న తపన ఉంది. నీ టాక్‌కి అలాంటి తీగ ముక్క ఏమిటో వెతుక్కో. ఎస్సెమ్మెస్ టాక్ అయితే, 'శ్రీ'ని నాలుగు ముక్కలుగా విడదీసి తెర మీద చూపించడమే చాలు.

"మరి నా ఇంగ్లీషో?" అని అడిగేవాళ్లు ఎక్కువ. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకి ఈ బెంగ మరీ ఉంటుంది. వినేవాళ్లకి కావాల్సింది విషయం. చిన్న చిన్న వాక్యాలు రాసుకో. ఆఫీసులో మాట్లాడే ఇంగ్లీషే మాట్లాడు. యాస మార్చుకోకు. మొదటి రెండు నిమిషాలూ, చివరి మాటా నోటికి వచ్చేలా చూసుకో, మధ్యలోదంతా నీ పని కాబట్టి అదే వస్తుంది. స్లైడ్ మీద ఉన్న వాక్యాలు చదవడం మాత్రం వద్దు, చదువుకోవడం వాళ్లకీ వచ్చు. తలుపేసుకుని, నిలబడి, గట్టిగా చెప్తూ ఫోన్‌లో రికార్డు చేసుకో. మనసులో చదువుకుంటే సమయం తెలియదు, గొంతెత్తి చెప్తేనే తెలుస్తుంది. ఆ తర్వాత నీ పనితో సంబంధం లేని ఒకరి ముందు చెప్పి చూడు. వాళ్లు ఎక్కడ దిక్కులు చూస్తే అక్కడ మార్చు.

ఇప్పుడు మన ఆడవాళ్లకి మాత్రమే అవసరమైన మాటలు కొన్ని చెప్తాను, ఇవి ఎవరూ చెప్పరు. కాలర్ మైక్ ఇస్తే దాని తీగ చివర చిన్న డబ్బా ఉంటుంది. బెల్టుకో జేబుకో తగిలించుకునేలా దాన్ని తయారుచేశారు. చీర కడితే నడుం దగ్గర గట్టిగానే నిలుస్తుంది. జేబుల్లేని కుర్తీ వేసుకుంటే ఆ డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియక ఆఖరి నిమిషంలో కంగారు. అందుకని నడుం పట్టీ ఉన్నదో, జేబు ఉన్నదో చూసి వేసుకో. మైకు కదిలే పైటకీ చున్నీకీ పెట్టించుకోకు, గరగరమంటుంది. నల్లపూసలూ పొడుగు గొలుసులూ తగిలితే హాలంతా టకటక వినిపిస్తుంది. చెవి పక్కనుంచి నోటి దాకా వచ్చే మైకైతే ఆ పూటకి జుంకాలు మాను. నీకు అలవాటైన చెప్పులే వేసుకో.

కోడ్ చూపించే స్లైడ్‌లో ఎనిమిది పది వరసలు దాటనీకు. ఆఖరి వరసలో కూర్చున్నవాళ్లకి కనిపించాలి. వెలుతురున్న హాల్లో తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలే బాగా కనిపిస్తాయి. అడాప్టర్ నీదే తీసుకెళ్లు, స్లైడ్లు పీడీఎఫ్‌గా పెన్‌డ్రైవ్‌లో కూడా ఉంచుకో. మెసేజ్‌లు తెర మీద పడకుండా ల్యాప్‌టాప్‌లో నోటిఫికేషన్లు ఆపెయ్యి. డెమో చూపించాలనుకుంటే ముందే వీడియోగా రికార్డు చేసి పెట్టుకో, హాల్లో నెట్ మీద ఆధారపడకు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ గంటన్నర సేపు ప్రత్యక్షంగా డెమో చేసి, మౌస్‌ని లోకానికి చూపించాడు. అది సవ్యంగా సాగడానికి తెర వెనక బిల్ ఇంగ్లిష్ ఆధ్వర్యంలో ఒక బృందమే పనిచేసింది. నువ్వు ఒక్కదానివే వెళ్తున్నావు, రికార్డింగ్ నీకు తోడుంటుంది.

ప్రశ్నలంటే భయపడకు. ప్రశ్న విన్నాక దాన్ని మైకులో మళ్లీ చెప్పు. హాల్లో అందరికీ వినిపిస్తుంది, నీకు ఆలోచించుకోవడానికి వ్యవధీ దొరుకుతుంది. తెలియనిదైతే "ఇది నేను ప్రయత్నించలేదు, టాక్ అయ్యాక మాట్లాడుకుందాం" అని చెప్పు, మర్యాదగా ఉంటుంది. ప్రశ్న పేరుతో తన గొప్ప చెప్పుకునేవాళ్లు ఎవరో ఒకరు లేస్తారు. "థాంక్యూ, తర్వాతి ప్రశ్న" అని చిరునవ్వుతో పక్కకి తిరుగు. ప్రశ్నలు వద్దనుకుంటే సెషన్ నడిపేవాళ్లకి ముందే చెప్పొచ్చు, అది నీ హక్కు.

ఇక ఇల్లు. రెండు రోజులు ఊరెళ్లాలంటే పిల్లలూ, అత్తగారి మందులూ, వంటా కళ్లముందు తిరుగుతాయి. ఇది నీ ఉద్యోగంలో భాగమని ఇంట్లో తేదీతో సహా ముందే చెప్పెయ్యి. బతిమాలుతున్నట్టు అడగకు. ప్రయాణ ఖర్చుల్లో సాయం చేసే కాన్ఫరెన్స్‌లున్నాయి, ప్రపోజల్‌తో పాటే దానికీ దరఖాస్తు పెట్టుకో. అమెరికా పైకాన్‌లో చిన్నపిల్లల్ని చూసుకునే ఏర్పాటు కూడా చేశారు. నువ్వు వెళ్లేచోట ఉంటుందా అని నిర్వాహకులకి ఉత్తరం రాయి. అడిగేవాళ్లు పెరిగితేనే ఏర్పాట్లు పెరుగుతాయి.

ఒక్కసారే పెద్ద వేదిక అంటే బెరుకుగా ఉంటే చిన్నదానితో మొదలుపెట్టు. చాలా కాన్ఫరెన్స్‌ల్లో లైట్నింగ్ టాక్ అని అయిదు నిమిషాల అవకాశం ఉంటుంది, చాలాచోట్ల అక్కడికక్కడే పేరిచ్చి మాట్లాడొచ్చు. హైదరాబాద్‌లో హైడ్‌పై అనే పైథాన్ బృందం మీటప్‌లు జరుపుతుంది, పైకాన్ఫ్ హైదరాబాద్ నిర్వహిస్తుంది. 2009లో బెంగళూరు ఐఐఎస్‌సీలో మొదలైన పైకాన్ ఇండియా, 2018లోనూ 2023లోనూ హైదరాబాద్‌కే వచ్చింది. అంటే వేదిక మన గుమ్మం దాకా వస్తోంది, ఎక్కడమే మిగిలింది.

పైకాన్ వాళ్లు ఆడవాళ్లకి పేరుపేరునా రాశారని చెప్పాను కదా, ఈ ముచ్చట్లు నీకు నేను రాసిన అలాంటి ఉత్తరమే అనుకో. ఈ వారంలో ఒక సాయంత్రం కూర్చుని, ఈ ఏడాది నువ్వు విప్పిన ఒక్క చిక్కు గురించి పది వాక్యాలు రాయి. నీ ఊరికి దగ్గర్లో ఏ కాన్ఫరెన్స్ ప్రపోజల్స్ అడుగుతోందో చూసి, గడువు తేదీ క్యాలెండర్‌లో రాసుకుని, దానికి రెండు రోజుల ముందే పంపెయ్యి. పంపాక నీ టీమ్‌లో ఇంకో అమ్మాయిని పేరు పెట్టి పిలిచి, "నువ్వూ పంపు, రాయడానికి నేను సాయం చేస్తాను" అని చెప్పు.